రాణి బొమ్మ తీసేశాడు సరే, తన బొమ్మ ఎందుకు వేసుకున్నట్టు?

ఆఫ్రికాలోని ఘనా దేశం 1958లో తెచ్చిన 10 షిల్లింగుల వెండి నాణెం ఫోటో ఎప్పుడైనా దొరికితే కాస్త జూమ్ చేసి చూడండి. 28 గ్రాముల పైచిలుకు స్టెర్లింగ్ వెండి బిళ్ళ, 1957 మార్చి 6న వచ్చిన స్వాతంత్ర్యానికి గుర్తుగా కొట్టించింది, మీద అప్పటి ప్రధానమంత్రి క్వామే ఎన్‌క్రుమా ముఖం. పనితనానికి వంక పెట్టక్కర్లేదు. నా పేచీ ఆ ముఖంతో, ఇంకా చెప్పాలంటే ఆ ముఖం చుట్టూ ఉన్న అక్షరాలతో.

గోల్డ్ కోస్ట్ అనే బ్రిటిష్ వలస ఘనా అయిన కథ తెలిసిందే. కానీ ఒక్క సంగతి మర్చిపోతుంటాం, 1960 జులై 1న రిపబ్లిక్ అయ్యేదాకా ఆ దేశాధినేత ఎలిజబెత్ రాణే. అంటే కాగితం మీద రాణిగారి రాజ్యం, డబ్బు మీద మాత్రం ప్రధానమంత్రి బొమ్మ!

తెల్లవాళ్ళ బొమ్మ పీకెయ్యొద్దా మరి అంటారు. పీకెయ్యాల్సిందే, అందులో రెండో మాట లేదు. మా జనంలో చాలామందికి చదువు రాదు, స్వాతంత్ర్యం వచ్చిందని కళ్ళకి చూపిస్తేనే తెలుస్తుంది అని ఎన్‌క్రుమా అప్పట్లోనే ఒక లండన్ పేపర్లో రాసుకున్నాడు. వినడానికి బానే ఉంది.

బానే ఉంది గానీ, చదువురాని వాళ్ళ కోసమే బొమ్మ వేశానన్న మనిషి ఆ బొమ్మ చుట్టూ ఏ భాషలో రాయించాడనుకున్నారు? లాటిన్! ‘సివిటాటిస్ ఘానియెన్సిస్ కాండిటర్’ అట, ఘనా రాజ్య స్థాపకుడు అని అర్థం. అక్కడి జనం మాట్లాడే అకాన్ కాదు, ఎవే కాదు, కనీసం ఇంగ్లీషు కూడా కాదు. రాజధాని అక్రా బజార్లో టమాటాలు అమ్ముకునే ఆవిడకి ఇదెవరు చదివి పెట్టాలి? బ్రిటిష్ రాజుల నాణేల మీద తల చుట్టూ లాటిన్ తిప్పడం ఎప్పట్నుంచో ఉన్న అలవాటు, ఆ అలవాటునే తీసుకెళ్ళి అదే లండన్ రాయల్ మింట్‌లో కొట్టించుకున్నాడు. రాణిని దింపి, ఆ పీట మీదే తనెక్కి కూర్చున్నాడు. ఆ సిరీస్ నాణేల వెనక ఐదు కోణాల నక్షత్రం ఉంటుంది, దేశం గుర్తు, ఎంత బావుంటుందో, అది చాలదా అసలు?

పైగా స్థాపకుడు అని ఏకవచనం ఒకటి. అదే 1958లో ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టం తెచ్చాడు, విచారణ లేకుండానే లోపలెయ్యొచ్చు. స్వాతంత్ర్యం కోసం ఒకప్పుడు తనతోపాటే అరెస్టయిన జె.బి. డాన్‌క్వా 1965లో ఎన్‌సావమ్ జైల్లోనే పోయాడు.

ఆ ఏడాదే షిల్లింగులు పోయి సెడీ అనే కొత్త డబ్బు వచ్చింది. సెడీ అంటే గవ్వ, మనం జేబులో చిల్లిగవ్వ లేదంటామే, ఆ గవ్వే. అంత సొంతమైన పేరు పెట్టుకుని దాని మీదా తన ముఖమే వేయించాడు. 1966 ఫిబ్రవరి 24న ఆయన విదేశాల్లో ఉండగా సైన్యం గద్దె దించేసింది, అక్రాలో విగ్రహం కూలగొట్టారు, 1967లో ఆ ముఖం లేని కొత్త సెడీ తెచ్చారు. ఇప్పుడు అక్కడి ఎన్‌క్రుమా స్మారక పార్కుకి వెళ్తే ఆ పాత విగ్రహం తల లేకుండా నిలబడి ఉంటుంది, తల పక్కనే ఇంకో దిమ్మె మీద.

మనోళ్ళు 1950లో జార్జ్ రాజు బొమ్మ తీసి అశోకుడి సింహాలు పెట్టుకున్నారు. నెహ్రూ పదిహేడేళ్ళు ప్రధానిగా ఉండి కూడా నాణెం ఎక్కింది 1964లో, అదీ చనిపోయాకే. 2023లో ఎన్టీఆర్ 100 రూపాయల నాణెం వచ్చింది, సగం వెండి, మన హైదరాబాద్ మింట్‌లోనే కొట్టారు, ఆయన పోయిన 27 ఏళ్ళకి. దాంతో నాకే పేచీ లేదు. బతికున్నోళ్ళతోనే నా బాధంతా. ఏపీలో రైతుల పట్టాదారు పాసుపుస్తకాల మీద ముఖ్యమంత్రి ఫోటో వేశారు, తాతల నాటి పొలం కాగితం మీద ఐదేళ్ళకోసారి ఓట్లడుక్కునే మనిషి ఫోటో ఏంటండీ, ఆఖరికి పొలం గట్టున పాతే హద్దురాళ్ళనీ వదల్లేదు. 2024లో ప్రభుత్వం మారింది, రాజముద్రతో కొత్త పుస్తకాలన్నారు. పుస్తకమంటే మళ్ళీ అచ్చేస్తారు, ఆ గ్రానైట్ రాయి మీద చెక్కింది చెరపాలంటే మాత్రం మళ్ళీ మిషన్ తేవాలి, మళ్ళీ బిల్లు పెట్టాలి.