‘సార్’ అంటే బానిసత్వమా?

నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. ‘సర్ అంటే స్లేవ్ ఐ రిమెయిన్, నేను మీ బానిసగానే ఉంటాను అని. తెల్లవాళ్లు మనల్ని అవమానించడానికి పలికించిన మాట. ఇకమీదట ఎవరినీ సార్ అనకండి.’ ఆవేశం బాగుంది కానీ అందులో ఒక్క ముక్కా నిలవదు.

ముందు ఆ ఫుల్ ఫామ్ సంగతి. సర్ అనేది పొడి అక్షరాలు అతికించి చేసిన మాట కాదు. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ‘సైర్’ కురచై ‘సర్’ అయింది. దాని మూలం లాటిన్ ‘సీనియర్’, అంటే వయసులో పెద్ద. ఇంగ్లీషులో 13వ శతాబ్దం నుంచే ఉంది. ఈస్టిండియా కంపెనీ పుట్టిందే 1600లో! ఓటర్ల జాబితా సవరణకు పెట్టిన ‘సర్’కు మాత్రం నిజంగానే ఫుల్ ఫామ్ ఉంది (స్పెషల్ ఇంటెన్సివ్ రివిజన్), అది వేరే గొడవ.

పాత ఇంగ్లీషు ఉత్తరాల చివర ‘ఐ రిమెయిన్, సర్, యువర్ ఒబీడియెంట్ సర్వెంట్’ అని రాసేవారు. పుకారు అక్కడే పుట్టిందేమో. కానీ అందులో సర్ అంటే ఉత్తరం అందుకునే పెద్దమనిషి, సేవకుడు అంటే ఉత్తరం రాసే మనిషి. తెల్లవాళ్లు తమలో తాము కూడా అలాగే రాసుకున్నారు. మనం అర్జీ కింద ‘ఇట్లు, తమ విధేయుడు’ అని రాయడం లేదూ?

మనల్ని అవమానించడానికే అన్నది ఇంకా వింత. బ్రిటన్ బడుల్లో పిల్లలు ఇప్పటికీ మగ టీచర్ని సర్ అనే పిలుస్తారు. పైగా అది రాజు ఇచ్చే బిరుదు. 1931లో రాధాకృష్ణన్‌కు ఇచ్చారు. ఆయన ఇంటిపేరు మన వెంకటాచలం మండలంలోని సర్వేపల్లిదే. బానిస అనే అర్థముంటే బిరుదుగా ఎందుకిస్తారు? ఠాగూర్ తనకున్న ఆ బిరుదును 1919లో వద్దన్నారు నిజమే, అది జలియన్‌వాలా బాగ్ కాల్పులకు నిరసనగా. మాట అర్థం చూసి కాదు.

ఆఫీసుల్లో అర్జీ పట్టుకుని, చేతులు కట్టుకుని, మాటకో సార్ అనేవాళ్లను చూస్తే నాకూ కష్టంగానే ఉంటుంది. అయితే ఆ మనిషి ‘అయ్యా’ అన్నా అంతే వంగి నిలబడతాడు. కుర్చీ చూపించి కూర్చోమనేవాళ్లు ఉంటే వంగడు.

మన వాడుకలో ఆ మాట ఎప్పుడో మారిపోయింది. బడిపంతుల్ని పాతవాళ్లు అయివారు అన్న చోట మనం సారు అంటున్నాం. చాన్నాళ్లకు కనబడిన స్నేహితుణ్ణి ‘ఏం సారూ, నల్లపూసైపోయినావే’ అని ఆటపట్టిస్తాం. ఆత్మకూరు బస్టాండులో కండక్టర్ ‘సార్, చిల్లరివ్వండి’ అంటాడు. ‘లేదు సార్’ అంటాడు ప్రయాణికుడు. ఇద్దరిలో ఎవరు ఎవరికి బానిసో ఆ మెసేజ్ రాసినాయనే చెప్పాలి.