పెండ్లికి జైసల్మేర్ పోతున్న మనోళ్లకు

వచ్చే మాఘంల మా మేనమామ బిడ్డ పెండ్లి రాజస్థాన్ ఎడారిల ఉన్న జైసల్మేర్‌ల. మహబూబ్‌నగర్ నుంచి నలభై మందిమి పోతున్నం. వాట్సాప్ గ్రూపుల పొద్దుగాల్నుంచి ఒకటే ముచ్చట, హల్దీకి ఏ రంగు, సంగీత్‌కు ఏ పాట అని. నిన్న ఒక బావ "ఆడ ఇసుక తప్ప ఏమున్నది, తలంబ్రాలు కాంగనే వాపస్ వచ్చేద్దాం" అని పెట్టిండు. అది చదివినంక నాకు నిద్ర పట్టలే.

గీ మాట మన గురించి ఎంతమంది అనలేదు? పాలమూరుల ఏమున్నది, రాళ్లు, కరువు, వలస అని మన ముంగటనే అన్నరు. గా మాట పడ్డ మనమే ఇంకో ఎండిన నేలను పట్టుకొని ఏమున్నది అనొద్దు. మన దిక్కు ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన పడ్తది, అయినా కరువు జిల్లా అనిపిచ్చుకున్నం. జైసల్మేర్‌ల సగటు 200 లోపే. అంత తక్కువ నీళ్లతోని 1156ల పట్నం కట్టి ఇయ్యాల్టి దాకా నిలవెట్టుకున్నరు. అది ఎట్లనో మనం చూడకుంటే ఇంకెవరు చూడాలె?

మూడేండ్ల కింద ఆడికే ఒక దోస్తు పెండ్లికి అమ్మను, అవ్వను తోల్కొని పోయిన. అప్పుడు చేసిన తప్పు ముందే చెప్తున్న. ఇసుక దిబ్బల కాడ గుడారాలకు పైసలు ముందే కట్టినం. తీరా పోతే చుట్టూ డీజేలు, దిబ్బలు చీల్చుకుంట తిరిగే జీపులు. చుక్కలు చూద్దామంటే లైట్లు. రాత్రి చలికి ఇచ్చిన రగ్గు ఒక్కటే, అవ్వ తెల్లారేదాక వణికింది. ఎడారి అంటే ఎండనే అనుకొని మేం స్వెటర్లు గూడ తీస్కపోలే. జనవరిల పగలు హాయిగనే ఉంటది గని, రాత్రి పది డిగ్రీల కిందికి పడిపోతది. పట్టుచీరల మీద శాలువలు పెట్టుకోండ్రి, పెద్దోళ్లకు మంకీ క్యాపులు, సాక్సులు మర్వొద్దు. ఈసారి దిబ్బలకు రద్దీ ఉండే సమ్ అనే ఊరి దిక్కు కాకుండ ఖూరీ అనే ఊరికి పోదాం, గొడవ తక్కువ. ఒంటె ఎక్కేటోళ్లు యాది పెట్టుకోండ్రి, అది లేశేటప్పుడు ఎనుక కాళ్ల మీద ముందు లేస్తది, మీరు ఎనుకకు వాలి గట్టిగ పట్టుకోవాలె.

కోటల దిగుదామని కొందరు అడుగుతున్నరు. నేనైతే వద్దంట. కోట లోపల ఇప్పటికీ జనం కాపురముంటరు. హోటళ్లు పెరిగి, వాడిన నీళ్లు పునాదులకు ఇంకి గోడలు దెబ్బతింటున్నయి. పొద్దుగాల పోయి చూసొద్దాం, పండుకునుడు బయట. పట్వా హవేలీలు, అంటే పాత షావుకార్ల బంగ్లాలు, దగ్గర్నే, గంటన్నర చాలు.

నేను బతిమాలేది కుల్‌ధరా గురించి. పాలీవాల్ బ్రాహ్మణులు ఇడిసిపెట్టిపోయిన ఊరు. ఆడికి పోతే అందరూ దయ్యాల కథలే చెప్తరు. అవి పక్కకు పెట్టి, ఖడీన్ ఏడున్నదో చూపియ్యమని అడగండ్రి. రాళ్ల గుట్ట మీదికెళ్లి జారిన వాన నీళ్లను పల్లంల పొడుగు కట్ట ఏసి ఆపుతరు. నీళ్లు భూమిల ఇంకినంక అదే తడి మీద గోధుమలు, శనగలు ఏస్తరు. మన శికం భూమిల పంట ఏసినట్టే! మేం పోయినప్పుడు చుట్టూ బూడిద రంగు నేల, నడుమ ఒక్క మడి పచ్చగ శనగ. అమ్మ కట్ట మీద కూసొని మా కుంట యాదికొచ్చిందన్నది. పట్నంల గడీసర్ చెరువు గూడ వాన నీళ్లదే, ఊరి గొంతు తడిపింది ఎన్నో ఏండ్లు అదే. కాలువ నీళ్లు వచ్చింది చాన తర్వాత. జూరాల, కోయిల్‌సాగర్ ప్రాజెక్టుల కింద బతికినోళ్లకు ఆ తేడా ఎవరూ ఇడమర్సి చెప్పనక్కర్లే.

ఇంకొకటి. పెండ్లి భోజనంల కేర్ సాంగ్రీ అనే కూర పెడ్తరు. నల్లగ, సన్నగ, ఎండిన కాయల లెక్క ఉంటది, మనోళ్లు ఇస్తార్ల పక్కకు నెట్టేస్తరు. ఆ సాంగ్రీ జమ్మికాయ. వాళ్ల ఖేజ్రీ, మన జమ్మి ఒక్కటే చెట్టు, రెండు రాష్ట్రాలకూ అదే రాష్ట్ర వృక్షం. 1730ల జోధ్‌పూర్ దగ్గరి ఖేజర్లీల ఆ చెట్లను కొట్టొద్దని అమృతాదేవితోని మొదలై చెట్లను, జంతువులను కాపాడుకునే బిష్ణోయి సమాజపోళ్లు 363 మంది పానాలిచ్చిండ్రు. ఖూరీ తొవ్వల మా అవ్వ బండి ఆపుమన్నది. మేకల మేతకు కొమ్మలు నరికిన జమ్మిచెట్టు, చిటారున నాలుగు రెమ్మలే మిగిలినయి. చెప్పులు ఇడిసి, చల్లటి ఇసుకల మూడు సుట్లు తిరిగి, కింద రాలిన ఆకు ఏరి నా చేతుల పెట్టింది, దసరా బంగారం పెట్టినట్టు. "మనూర్లనే ఉన్నట్టున్నది బిడ్డా" అన్నది. అవ్వ ఇప్పుడు లేదు. ఆ ఆకు నా పర్సుల్నే ఉన్నది.

బావా, అందుకే వాపస్ టికెట్లు రెండు రోజుల తర్వాతకు జరుపుదాం. కాచిగూడ నుంచి జోధ్‌పూర్ భగత్ కీ కోఠీ స్టేషన్ దాకా రోజూ రైలున్నది, రెండు రాత్రుల ప్రయాణం. ఆడికెళ్లి జైసల్మేర్‌కు బండిల ఐదారు గంటలు. రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తరు. పెద్దోళ్లకు కింది బెర్తులు కావాలె గద, ఎవరెవరు ఆగుతరో ఈ ఆదివారం లోపల పేర్లు పెట్టుండ్రి.