ఎదురుగాలికా, గాలివాటంగానా?

ఫ్లోరిడాలోని ఒకీచోబీ సరస్సు దాదాపు 1,900 చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉంటుంది. లోతు మాత్రం సగటున 3 మీటర్లే. అంత వెడల్పు, అంత తక్కువ లోతు ఉన్న నీళ్లలో కాస్త గాలి లేస్తే చాలు, పొట్టి నిటారు అలలు వెంటవెంటనే వచ్చి తగులుతాయి. ఆ ఒడ్డున ఒక బావ, బావమరిది 12 అడుగుల అల్యూమినియం జాన్ బోట్ (చదును అడుగున్న చిన్న పడవ) తీసుకుని, వెనక ఇంజిను, ఫ్యాను, దాని చుట్టూ జాలీ పంజరం, ఆ ఫ్యాను గాలి తగిలేలా రెండు చుక్కానులు బిగించి సొంతంగా ఎయిర్‌బోట్, అంటే ఫ్యాను గాలితో నడిచే పడవ, చేసుకున్నారు. మనుషులు నా కల్పన. వాళ్ల మధ్య వాదం మాత్రం ఇలాంటి పడవ చేసుకున్న ఎవరికైనా ఎదురయ్యేదే: గాలి ఉన్న రోజు ముందు ఎటు వెళ్లాలి?

బావ: ముందు ఎదురుగాలికి వెళ్లాలి. మధ్యలో ఇంజిన్ ఆగినా గాలే మనల్ని ఇంటివైపు తెస్తుంది. చిన్న పడవలవాళ్లు ఎప్పటినుంచో చేసేది అదేరా.

బావమరిది: మామూలు పడవకు అది సరిపోతుంది బావా. మనదానికి బ్రేకు లేదు, రివర్సు లేదు. గాలివాటంగా ఇంటికొస్తే ఒడ్డున పడవ దించే ర్యాంపు దగ్గర ఆపడమెలా? థ్రాటిల్ తగ్గించి ఇంజిన్ జోరు దించినా గాలి వెనకనుంచి నెడుతూనే ఉంటుంది. ఎదురుగాలికి వస్తే ఆ గాలే బ్రేకు.

బావ: నెట్టడమంటే ఎంతని? పడవ గోడ, సీటు, మనిషి, పంజరం అన్నీ కలిపి రెండున్నర చదరపు మీటర్లు అనుకో. గంటకు 30 కిలోమీటర్ల గాలి పక్కనుంచి కొట్టినా 10 కిలోల బలం. 15 కిలోమీటర్లయితే అందులో పావు వంతే. మన ఫ్యాను నెట్టే బలం, అదే థ్రస్ట్, 60 కిలోలు.

బావమరిది: ఆ 60 కిలోలు ఫుల్ థ్రాటిల్‌లో. ర్యాంపు దగ్గర ఫుల్ థ్రాటిల్ ఇస్తామా? థ్రాటిల్ పూర్తిగా వదిలేసి ఇంజిన్ ఐడిల్‌లో తిరుగుతుంటే థ్రస్ట్ 5 కిలోలు అనుకోండి. మన ఫ్యాను 1.3 మీటర్లది కదా, ఫుల్‌లో దాని గాలి గంటకు 100 కిలోమీటర్లకు దగ్గరగా వస్తుంది, ఐడిల్‌లో 28 దాటదు. అంటే బయట వీచే గాలి, చుక్కానికి తగిలే గాలి ఇంచుమించు సమానం. పక్కగాలి ఫ్యాను గాలిని చుక్కాని మీద పడనివ్వకుండా తోసేస్తుంది. మన చుక్కాని నీళ్లలో లేదు బావా, గాలి తగిలితేనే దానికి పట్టు. ఐడిల్‌లో ఆ పట్టు పన్నెండో వంతుకు పడిపోతుంది.

బావ: అలాంటప్పుడు చిన్న చిన్నగా థ్రాటిల్ కొట్టి తిప్పుకోవాలి.

బావమరిది: కొట్టిన ప్రతిసారీ వేగం పెరుగుతుంది. ఎదురుగాలిలో ఆ పెరిగినదాన్ని గాలి తినేస్తుంది, గాలివాటంలో తినదు. ఒడ్డు మీదకు వచ్చి పడతాం.

(ఇక్కడిదాకా నాకు బావమరిది మాటే బలంగా తోచింది. భయం వేయగానే థ్రాటిల్ వదిలేయడం మనిషికి సహజం. ఈ పడవలో వదిలిన క్షణం చుక్కానీ పోతుంది.)

బావ: సరే, అడుగున రెండు రెక్కలు వెల్డింగ్ చేయిద్దాం. పక్కకు జారడం తగ్గుతుంది.

బావమరిది: అది మాత్రం వద్దు బావా! గడ్డి మీద, బురద మీద పోవాలనే కదా చదును అడుగు పెట్టుకున్నాం. ఇంజిను, సీటు ఎత్తులో ఉన్నాయి. చుక్కాని నెట్టేదీ ఎత్తులోనే. అందుకే మలుపులో పడవ బయటివైపుకు వాలుతుంది. గాలి కూడా మలుపు లోపలివైపు నుంచి వస్తే ఆ వాలు ఇంకా పెరుగుతుంది. ఆ సమయంలో అడుగు జారిపోతేనే మనం బతుకుతాం. రెక్క దేనికైనా పట్టుకుందంటే పల్టీయే.

బావ: ఒప్పుకున్నాను. ఇక నా మాట విను. పంజరం, చుక్కానులు వెనక ఉన్నాయి కాబట్టి గాలి వెనకభాగాన్ని ఎక్కువ నెడుతుంది. థ్రాటిల్ వదిలితే ముక్కు దానంతట అదే గాలివైపు తిరుగుతుంది. గాలివాటంగా వచ్చినా అదే ఎదురు తిరిగి ఆగదా?

బావమరిది: తిరుగుతుంది. కానీ తిరిగే మధ్యలో అలలకు అడ్డం పడుతుంది. ర్యాంపు దగ్గర అంత చోటు ఎక్కడిది? ఇంకోటి, ఫ్యాను ఎత్తులో ఉంది కాబట్టి థ్రాటిల్ కొట్టగానే ముక్కు కిందికి దిగుతుంది. గాలివాటంలో ముందున్న అలను అందుకున్నామంటే ముక్కు అందులో గుచ్చుకుని నీళ్లు లోపలికి వస్తాయి.

బావ: నీ పద్ధతిలో వెళ్లేటప్పుడు గాలివాటమే కదా! అప్పుడు గుచ్చుకోదా?

బావమరిది: గుచ్చుకోవచ్చు. అందుకే పడమటి ఒడ్డున గడ్డి పక్కనే వెళ్దాం, అక్కడ అలలు చచ్చిపోతాయి. ఇంజిన్ ఆగితే 20 మీటర్ల తాడుతో లంగరు, లేదంటే గడకర్ర.

బావ: వేసవి మధ్యాహ్నం ఉరుములొస్తే? ఇనప పంజరం ముందు కూర్చుని లంగరేసుకుని ఉంటామా? మీ అక్కకు నేనేం చెప్పాలి?

బావమరిది: దానికి నా దగ్గర జవాబు లేదు. పొద్దున్నే వెళ్లి పెందరాళే వచ్చేద్దాం.

బావ: పెందరాళే వచ్చినా ఇంకోటి ఉంది. పొద్దెక్కేకొద్దీ నేల కాగుతుంది, గాలి సరస్సు మీదనుంచి ఒడ్డువైపు మళ్లుతుంది. అప్పుడు నువ్వు ఎటు వెళ్లినా ర్యాంపుకు వచ్చేది గాలివాటంగానే. పొద్దున వేసుకున్న లెక్క ఏమైనట్టు?

బావమరిది: అప్పుడు దూరంగానే ముక్కు గాలికి తిప్పి నిలుపుదాం. థ్రాటిల్ కాస్త ఇస్తూ ఉంటే చుక్కానికి పట్టు ఉంటుంది, గాలే మనల్ని వెనక్కి నెమ్మదిగా ఒడ్డుకు చేరుస్తుంది.

బావ: ఫ్యాను గాలి ర్యాంపు మీద ఉన్నవాళ్ల ముఖాన కొడుతుందిరా. నీళ్లు, ఇసుక, పిల్లలుంటే ఇంకా ప్రమాదం.

బావమరిది: ర్యాంపు మీదకు కాదు, పక్కన మనుషులు లేని గడ్డి ఒడ్డుకు. గాలి ఎటో జెండా చెబుతుంది. ఎయిర్‌బోట్‌కు 10 అడుగుల ఎత్తున నారింజ రంగు జెండా ఉండాలని ఇక్కడి చట్టమే చెబుతోంది కదా. పోతున్నప్పుడు అది మన వేగం గాలిని కూడా కలిపి చూపిస్తుంది, అందుకే నెమ్మదించి చూడాలి.

బావ: అది చేద్దాం. కానీ ఈ ఇంజిన్ మీద నాకు నమ్మకం కుదిరేదాకా మొదట ఎదురుగాలికే వెళ్తాం.

బావమరిది: వెళ్దాం బావా. వచ్చేటప్పుడు మాత్రం ర్యాంపుకు 200 మీటర్ల ముందే ముక్కు తిప్పేయాలి. అంతకంటే దగ్గరకు గాలివాటంగా నేను రానివ్వను.