డంబెల్ పట్టి ఫోర్‌హ్యాండ్ కొట్టెదరు గాక!

టెన్నిస్ ఆడే పన్నెండేళ్ల పిల్లాడి ఫోర్‌హ్యాండ్‌లో (అరచేయి ముందుకి ఉంచి కొట్టే దెబ్బలో) వేగం చాలట్లేదని తేలగానే పెద్దలంతా కూడి చేసే తీర్మానం ఒక్కటే: వాడి చేతికి 2 కిలోల డంబెల్ ఇచ్చి, అద్దం ముందు నిలబెట్టి, గాలిలో ఫోర్‌హ్యాండ్లు కొట్టించడం. ఆ వయసు రాకెట్ బరువు 250 గ్రాములకు అటూ ఇటూ. దానికి ఎనిమిది రెట్ల బరువు ఊపి వచ్చినవాడి చేతిలో రాకెట్ పుల్లలా తేలిపోతుందట.

డంబెల్ కిందికి లాగుతుంది, స్వింగ్ పక్కకి సాగాలి. ఈ చిన్న తిరకాసు ఆ మేధావుల దృష్టికి రాలేదు. వాడక్కడ నేర్చుకుంటున్నది బరువు జారకుండా భుజంతో మోయడం, అదీ నెమ్మదిగా.

ఆ దృశ్యం చూసి తరించాల్సిందే. పదో ఊపుకి మోచెయ్యి నడుముకి అతుక్కుంటుంది. ఇరవయ్యో ఊపుకి భుజం చెవిదాకా లేస్తుంది. ముప్పయ్యో ఊపుకి నడుము వెనక్కి విరుచుకుంటుంది. కోచ్ ‘శభాష్’ అంటాడు. తండ్రి స్లోమోషన్‌లో వీడియో తీస్తాడు (మామూలుగా తీసినా అలాగే వస్తుంది). "2016 డేవిస్ కప్‌లో అమెరికా ఆటగాడు ఇస్నర్ గంటకి 253 కిలోమీటర్ల సర్వ్ కొట్టాడు, తెలుసా?" అని ఉత్సాహపరుస్తాడు. ఇస్నర్ ఆరడుగుల పదంగుళాల మనిషన్న ముక్క మాత్రం మింగేస్తాడు. డంబెల్ పడితే అంత పొడుగూ వస్తుందని ఇంకా ఎవరూ ప్రకటించలేదు. వచ్చే వారం చూద్దాం.

వేగం పుట్టేది కాళ్ల దగ్గర. నేలని తన్నిన బలం తుంటి, మొండెం, భుజం దాటి రాకెట్‌కి చేరుతుంది. అందుకే స్క్వాట్లు (గుంజీల్లా కూర్చుని లేవడం), లంజ్‌లు (ఒక కాలు ముందుకేసి మోకాళ్లు వంచి లేవడం), పుషప్‌లు, సాగే రబ్బరు బ్యాండ్‌తో రోయింగ్ (తెడ్డేసినట్టు ఒంటివైపు లాగడం); వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ. తీరు చెడకుండా 10 నుంచి 15 సార్లు ఎత్తగలిగిందే వాడికి తగిన బరువు. అది తేలికైపోతే 5 నుంచి 10 శాతం పెంచాలి.

అసలు సరుకు మెడిసిన్ బాల్, అంటే వ్యాయామానికి వాడే బరువైన బంతి. 1 లేదా 2 కిలోలది. గోడకి పక్కవాటుగా నిలబడి, మొదట తుంటి తిరిగి, ఆ తర్వాతే భుజాలు తిరిగేలా బలంకొద్దీ విసరాలి. ఒక్కో వైపు 6 నుంచి 8 సార్లు, మూడు విడతలు, మధ్య నిమిషంన్నర విశ్రాంతి. ఆట అయ్యాక కాదు, ఒళ్లు అలవకముందే. గోడ మీద చప్పుడు మెత్తబడిందా, విడత అక్కడితో సరి. పౌరుషానికి పోయి 4 కిలోలది ఇస్తే విసరడు, తోస్తాడు. మళ్లీ డంబెల్ భాగోతమే.

సర్వ్ చేశాక దూసుకెళ్లే చేతిని ఆపేది భుజం వెనక కండరాలు. మోచేతికీ పక్కటెముకలకీ మధ్య టవల్ చుట్ట పెట్టి, బ్యాండ్‌ని బయటికి లాగాలి. 12 నుంచి 15 సార్లు, రెండు విడతలు. వీడియోలో ఏమీ కనిపించదు కాబట్టి ఎవరూ చేయించరు.

భుజం నొప్పిగా ఉందన్న పిల్లాడికి ‘నొప్పి లేనిదే బలం రాదు’ అని నీతులు చెప్పేవాణ్ణి మాత్రం కోర్ట్ గేటు అవతలికి గెంటాలి. సిగ్గుండాలి! ఎదిగే వయసులో ఎముకల చివర పెరుగుదల జరిగే చోట ఇంకా మృదులాస్థే ఉంటుంది. పదేపదే లాగితే ముందు దెబ్బతినేది అదే. నడుము వెనక్కి వంచితే నొప్పి అంటున్నాడా? వెన్నుపూసలో సన్నటి పగులు కావచ్చు, సర్వ్‌లు ఎక్కువగా కొట్టే పిల్లల్లో అది వస్తుంది. ఆ పూటే సర్వ్ ఆపించి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఎల్లుండి టోర్నమెంటా? ఉండనివ్వండి. ఎంట్రీ ఫీజు కట్టేశారా? పోనివ్వండి.