లంచ్ బాక్సుకి ఉత్తమ నటుడి అవార్డు ఇవ్వాలి

లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఆసియా మూలాలున్న రచయిత ఎవరైనా కొత్త నాటకం రాశారంటే నేను కథేమిటని అడగను. లంచ్ బాక్స్ ఎప్పుడు తెరుస్తారని మాత్రం అడుగుతాను. ఈమధ్య ఒక నాటకంలో జనం కోట్లు విప్పి సర్దుకుని కూర్చోకముందే తెరిచేశారు. అంత తొందర కళకు మంచిది కాదని సవినయంగా మనవి.

ఆ సీను తెలియనివాళ్లు ఉండరు. అయినా శాస్త్రప్రకారం ఒకసారి చెప్పుకుందాం. బడి క్యాంటీన్. ఎనిమిదేళ్ల పిల్ల వేషంలో ముప్ఫై దాటిన నటి, రెండు జడలు. డబ్బా మూత తీస్తుంది. రచయిత కొరియా వాడైతే అందులో కిమ్చీ, వియత్నాం వాడైతే చేపల సాస్, మనవాడైతే కర్రీ. ఏం కూర అని అడక్కూడదు. వంకాయో బెండకాయో రచయితకే తెలియదు. పక్కనున్న బంగారు జుట్టు పిల్ల ముక్కు మూసుకుంటుంది. లైటు నీలం రంగుకి మారుతుంది. ఎక్కడో సితార్ ఏడుస్తుంది. కొరియా పిల్లకైనా సితారే. సౌండ్ వాళ్ల దగ్గర అదొక్కటే ఉన్నట్టుంది.

పిల్ల ఇంటికొచ్చి శాండ్‌విచ్ కావాలంటుంది. చీర కట్టుకున్న అమ్మ ఏమీ మాట్లాడదు. ఈ నాటకాల్లో అమ్మలు మాట్లాడరు, కిటికీలోంచి చూస్తారు. ఇంటర్వెల్. తర్వాత పిల్ల పెద్దదైపోతుంది, అమ్మ పోతుంది, ఫోన్‌లో వీడియో చూస్తూ అదే కూర వండటం మొదలవుతుంది. "ఉప్పెంత వెయ్యాలమ్మా?" అని గాలిని అడుగుతుంది. "చూసి వెయ్యి తల్లీ" అని గాలి జవాబిస్తుంది. తెలుగమ్మ పోయాక కూడా అంత మెత్తగా చెప్పదు. "ఇన్నేళ్లొచ్చాయి, ఉప్పెంతో తెలీదుటే" అంటుంది. ఆ తర్వాత స్టేజీ మీద నిజంగానే పోపు పెడతారు. ఆవాలు చిటపటలాడుతుంటే ముందు వరుసల్లో పెద్దావిడలు కళ్లు తుడుచుకుంటారు. నాటకం అయ్యాక జరిగే చర్చలో మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? ఆ కూర కొలతలు కాస్త చెబుతారా అని.

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో ఇప్పుడీ సీను వెయ్యాలంటే ముక్కు మూసుకునే పిల్లని వేరే ఊరి నుంచి పిలిపించుకోవాలి. అక్కడ పిల్లలు డబ్బాలో పాస్తా పట్టుకెళ్తున్నారు. అమ్మ ఆఫీసు మీటింగులో ఉంటుంది. కూరలు పక్క వీధి ఆంటీ దగ్గర కొంటున్నారు.

తప్పంతా రచయితలదని నేననను. కొత్త నాటకాలు కావాలంటూ థియేటర్లు ఇచ్చే ప్రకటనలు చూడండి. "మీ అసలైన గొంతు వినిపించండి" అంటారు. అసలైనదేదో వాళ్లు ముందే ఖాయం చేసి పెట్టుకున్నారు, అందులో పసుపు మరక ఉండాలి. పాపం రచయితకీ ఇంటి అద్దె కట్టాలి కదా.

నిజానికి బ్రిటన్‌లో ఈ ఆసియా నాటకరంగం మొదలైంది పోపుతో కాదు. 1976లో లండన్ సౌతాల్‌లో ఒక సిక్కు కుర్రాడిని జాత్యహంకారంతో పొడిచి చంపితే, ఆ కోపంలోంచి మరుసటి ఏడు తారా ఆర్ట్స్ అనే నాటక సంస్థ పుట్టింది. అయూబ్ ఖాన్ దిన్ 1996లో రాసిన 'ఈస్ట్ ఈజ్ ఈస్ట్' నాటకంలో పాకిస్తానీ తండ్రి ఇంగ్లండ్‌లోని సాల్ఫర్డ్‌లో చేపలూ చిప్సూ అమ్ముతాడు. ఆ ఇంటి వాసన అంతా ఇంగ్లీషు వాళ్లదే! అసలు గొడవ ఆయన పెత్తనంతో. చైనా మూలాలున్న అమెరికా నాటకకర్త డేవిడ్ హెన్రీ హ్వాంగ్ అయితే ఆసియా పాత్రల్ని తెల్లనటులకి ఇస్తున్నారని 1990లో గొంతెత్తినవాడే. 2007లో వచ్చిన 'ఎల్లో ఫేస్'లో తన పేరే ఉన్న నాటకకర్త పొరపాటున ఒక తెల్లవాణ్ణి ఆసియా నటుడనుకుని వేషం ఇచ్చేస్తాడు. తన ఉద్యమాన్ని చూసి తనే నవ్వాడు. అదీ దమ్ము.

సొంతింటి తలుపు తీసినందుకు ఏం జరిగిందో కూడా చూశాం. బ్రిటన్‌లోని సిక్కు రచయిత్రి గుర్‌ప్రీత్ కౌర్ భట్టి రాసిన 'బెహ్జ్‌తీ'ని 2004 డిసెంబరులో బర్మింగ్‌హామ్‌లో వేశారు. గురుద్వారాలో జరిగే అత్యాచారం కథ. బయట గొడవ, అద్దాలు పగిలాయి, నాటకం ఆపేశారు. చంపుతామని బెదిరిస్తే రచయిత్రి దాక్కోవాల్సి వచ్చింది. లంచ్ బాక్స్ తెరిచినందుకు ఇంతవరకూ ఎవరూ ఎవరినీ చంపుతామనలేదు.

మరి మన సంగతి? "నువ్వు ఎక్కడి నుంచి వచ్చావు?" అని తెల్లవాడు అడిగితే రెండు గంటల నాటకం. సరే, రాయండి. అదే దసరా పార్టీలో పేపర్ ప్లేటులో పులిహోర పట్టుకుని నిలబడ్డ కొత్త కుర్రాడి దగ్గరికి ఒక అంకుల్ వస్తాడు. "ఏ ఊరు బాబూ? ఇంటిపేరేంటి? ఓహో... ఊళ్లో ఎటువైపు మీ ఇల్లు?" నవ్వుతూనే అడుగుతాడు. కుర్రాడు పులిహోరలో పల్లీలు ఏరుకుంటూ జవాబు నములుతాడు. ఆ నిమిషం సీను ఎవడు రాస్తాడు? అందులో ఐడెంటిటీ లేదా? 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. కాలిఫోర్నియా చట్టసభ కూడా అలాంటి బిల్లే పాస్ చేస్తే అక్టోబరులో గవర్నర్ వీటో చేశాడు. మనవాళ్లు పండగ చేసుకున్నారు. అమెరికాలో కులమెక్కడుందండీ, ఇదంతా మన పరువు తియ్యడానికే అన్నారు. కూతురి సంబంధానికి వెబ్‌సైట్‌లో శాఖ దగ్గర టిక్కు పెడుతూ అన్నారు ఈ మాట! పరువు చట్టంతో పోతుందా? ఇంటిపేరు వినగానే ప్లేటు పట్టుకుని పక్క గుంపులోకి జరిగిపోయారే, అప్పుడు పోలేదా? సిగ్గుండాలి.

1892లో విజయనగరంలో కన్యాశుల్కం ఆడేనాటికి దేశం దొరలదే. గురజాడ తల్చుకుంటే దొర నా పంచె చూసి నవ్వాడని అయిదంకాలు ఏడ్చేవాడు. పసిపిల్లల్ని ముసలాళ్లకి అమ్ముకునే తనవాళ్ల అగ్రహారాల్లోకి వెళ్లి కూర్చున్నాడు.

ఇవాళ అలాంటిది రాసి ఏ థియేటర్‌కైనా పంపితే వచ్చే జవాబు నేనిప్పుడే చెప్పగలను. చాలా ధైర్యమైన రచన, కానీ మా ప్రేక్షకులకి ఈ ఇంటిపేర్ల గొడవ అర్థం కాదు, ఆ అంకుల్‌ని పక్కింటి తెల్లాయనగా మార్చగలరేమో చూడండి.