అగ్నిసాక్షి లేని డిస్టింక్షన్

మా మేనల్లుడికి ఫైర్ సేఫ్టీ డిప్లొమాలో డిస్టింక్షన్ వచ్చింది. దూరవిద్యలో. నిప్పుకి ఎంత దూరంగా ఉంటే అంత క్షేమమని పెద్దలు ఊరికే అన్నారా? సిలబస్ మొత్తం ఆ సూత్రం మీదే నడిచింది.

నాగపూర్‌లో కేంద్ర హోంశాఖ వారి జాతీయ అగ్నిమాపక కళాశాల ఒకటుంది. పాపం, వాళ్లకింకా లోకం తెలియదు. హోస్ పైపులు మోయిస్తారు, నిచ్చెనలు ఎక్కిస్తారు, చెమటలు పట్టిస్తారు. మావాడి ఇన్‌స్టిట్యూట్ అలాంటి మొరటు పనులు పెట్టుకోదు. కొరియర్‌లో నాలుగు పుస్తకాలు, వాట్సాప్‌లో పీడీఎఫ్‌లు. ప్రాక్టికల్ రికార్డు స్టడీ సెంటర్ పక్కనే ఉన్న జిరాక్స్ షాపులో దొరుకుతుంది, బొమ్మలు కూడా వేసేసి. పేరు మాత్రం మనమే రాసుకోవాలి.

ప్రాక్టికల్ పరీక్ష వీడియో కాల్‌లో జరిగింది. ఆ మహత్కార్యం కళ్లారా చూసే భాగ్యం నాకు దక్కింది. మంటలార్పే ఎర్ర సిలిండర్ లేనివాళ్లు ఆ ఆకారంలో ఉన్న వస్తువు ఏదైనా వాడుకోవచ్చట. మావాడు కాఫీ ఫ్లాస్కు తెచ్చాడు. డాబా మీద పాత బకెట్లో పేపర్లు ముట్టించి, “పిన్ను లాగుతున్నాను సార్” అంటూ ఫ్లాస్కు మూత లాగాడు. “మంట మొదట్లోకి గురి పెడుతున్నాను సార్.” “మొదలు కనబడట్లేదు, ఫోన్ కాస్త దించు” అన్నారు సారు. ఆయన వెనక కుక్కర్ కూత.

ఇంతలో గాలి తిరిగింది. కాలుతున్న కాగితమొకటి లేచి, వడియాలు ఆరబెట్టిన పాత చీర మీద వాలింది. చీర అంటుకుంది. మావాడు తొణకలేదు. కాలే వస్తువుని బట్టి మంటలకు క్లాసులుంటాయి; ఇది ఏ క్లాసు మంటో ముందు తేల్చాలిగా! ఫోన్‌లో పీడీఎఫ్ తెరిచాడు. అది తెరిస్తే వీడియో ఆగింది. “హలో, నీ బొమ్మ కదలట్లేదు” అంటున్నారు సారు. వాడి బొమ్మే కాదు, వాడూ కదలట్లేదు. ‘గుడ్డ గనక క్లాస్ A... కానీ వడియాల సంగతి ఇవ్వలేదే’ అని గొణుక్కుంటున్నాడు. మా అమ్మ మొక్కల దగ్గరున్న నీళ్ల బకెట్ ఎత్తి చీర మీద గుమ్మరించింది. ఆవిడ చదువు ఐదో తరగతి, అదీ రెగ్యులర్‌గా. వీడియో మళ్లీ వచ్చేసరికి మంట లేదు. “వెరీ గుడ్, ఆర్పేశావ్” అని సారు 50కి 48 వేశారు. ఆ రెండూ వడియాల ఖాతాలో పోయుంటాయి.

పదిహేనేళ్లుగా ఫైరింజన్ ఎక్కుతున్న మనిషి, డ్యూటీ మానలేక, రాత్రుళ్లు కూర్చుని నిబంధనలూ స్టేషన్ నిర్వహణా దూరవిద్యలో చదువుకుంటానంటే దణ్ణం పెడతాను. అతని ఒంటికి పొగ వాసన ముందే పట్టింది, కాగితమే తక్కువ. మావాడికి కాగితమొక్కటే ఉంది. బిల్డింగుల ఓనర్లకు కావలసిందీ అదే, మనిషి కాదు.

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్ తగలబడి పైన లాడ్జిలో ఉన్నవాళ్లు 8 మంది పోయారు. ఆర్నెల్లు తిరిగాయో లేదో, 2023 మార్చిలో, అదే ఊళ్లో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు. ఉద్యోగాలకని ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు. వాళ్లని చంపింది పొగ. కరెంటు పోయి, ఊపిరాడక, గోడ తడుముకుంటూ మెట్లు వెతుక్కునేవాడికి మీ పీడీఎఫ్‌లో ఎన్నో పేజీ పనికొస్తుందయ్యా? ఆ పొగలో ఒక్కసారైనా నిలబడనివాణ్ని ‘ఆఫీసర్’ అని ముద్ర కొట్టి పంపిస్తారా? ఇది చదువు చెప్పడం కాదు, శవాలకు అడ్వాన్సు తీసుకోవడం.

మావాడిప్పుడు ఒక షాపింగ్ కాంప్లెక్స్‌లో సేఫ్టీ ఆఫీసర్. మొన్న వెళ్లి చూశాను. లామినేషన్ చేసిన సర్టిఫికెట్ గోడకి వేలాడుతోంది. దాని కింద ఎర్ర సిలిండర్, తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టి ఉంది. వెనక మెట్లదారికి తాళం.

“తాళంచెవి ఎవరి దగ్గరుంటుందిరా?”

“సెక్యూరిటీ దగ్గర మామయ్యా.”

“అతనేడీ?”

“టీకి వెళ్లాడు. ఏం, అర్జెంటా?”