149 రూపాయలు ఎక్కువైపోయాయా?

మొన్న ఒక పెళ్లిలో భోజనాల దగ్గర మా చుట్టాలబ్బాయి మా పిన్నితో, "నువ్వు చదివిన నవల భలే ఉంది అత్తా, మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోజూ అదే వింటున్నా" అన్నాడు. పిన్ని ముఖం వెలిగిపోయింది. "కొన్నావా నాన్నా?" అని అడిగింది. "లేదత్తా, యూట్యూబ్‌లో ఎవరో మొత్తం పెట్టేశారుగా" అంటూ గారె కొరికాడు. నాకైతే ఆ గారె లాగేసుకోవాలనిపించింది.

పిన్ని రిటైరైన తెలుగు టీచరు. ఆ నవలని తనే పైకి చదివి రికార్డు చేసి, ఆడియో పుస్తకంగా ఒక యాప్‌లో అమ్ముతోంది. నల్లకుంటలో రెండు గదుల వాటా. రికార్డింగ్ స్టూడియో అంటే వాళ్ల పడకగదే. కిటికీకి రెండు బొంతలు, మే నెలలో కూడా ఫ్యాన్ బంద్. పేజీ తిప్పిన చప్పుడు మైకులో పడుతుందని పుస్తకం జిరాక్స్ తీసి, ఒక్కో కాగితం మంచమ్మీదకి జారవిడుస్తుంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిల్ గీతలు. పై వాటా కుక్కర్ కూత పెడితే ఆ వాక్యం మళ్లీ మొదటి నుంచి. బాబాయి లాప్‌టాప్ ముందు కూర్చుని దగ్గులూ గుటకలూ ఏరి పారేస్తాడు. 11 గంటల నవలకి నాలుగు నెలలు పట్టింది. రచయిత కుటుంబాన్ని అడిగి, డబ్బు కట్టి, కాగితం మీద సంతకం కూడా తీసుకున్నారు. ధర 149. రెండు ఛాయ్‌లు, ఒక ఉస్మానియా బిస్కెట్ల ప్యాకెట్!

ఎత్తుకెళ్లినవాడు సూర్యాస్తమయం బొమ్మొకటి అతికించి, మధ్యలో యాడ్స్ పెట్టుకున్నాడు. కింద ఒక కామెంటు: "గొంతు బాగుంది, 1.5 స్పీడ్‌లో వినండి."

ఇంట్లోవాళ్లే కలిసి ఆడియో పుస్తకాలు తయారుచేయడం కొత్తేం కాదు. కాలిఫోర్నియాలో డువాల్ హెక్ట్ అని ఒకాయన ఉండేవాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో పడవ పందెంలో బంగారు పతకం కొట్టినవాడు. న్యూపోర్ట్ బీచ్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి రోజూ కారులో పోయి రావడం, రేడియోలో అదే సోది. విసుగెత్తి 1975లో భార్యతో కలిసి 'బుక్స్ ఆన్ టేప్' పెట్టాడు. ఒక్క పేజీ వదలకుండా పుస్తకమంతా చదివించి, క్యాసెట్ల కట్ట పోస్టులో అద్దెకి పంపేవాళ్లు. విన్నాక అదే డబ్బాలో పెట్టి పోస్టులో వేస్తే చాలు, తిరుగు తపాలా ఖర్చు కంపెనీదే. జనం అద్దె కట్టి విన్నారు, విన్నాక తిరిగి పంపారు కూడా! 2001లో రాండమ్ హౌస్ ఆ కంపెనీని కొనుక్కుంది. ఆరెగాన్‌లో ఆష్‌లాండ్ అనే చిన్న ఊళ్లో ఇంకో భార్యాభర్తలు 1987లో మొదలుపెట్టిన బ్లాక్‌స్టోన్ అనే ఆడియో పుస్తకాల కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది.

హెక్ట్ విసుగు మనకి తెలియందా? బయోడైవర్సిటీ జంక్షన్‌లో సాయంత్రం ఆరింటికి నిలబడి చూడండి, ఒక్కో సిగ్నల్ దగ్గర ఒక్కో అధ్యాయం అయిపోతుంది.

పోనీ మనకి వినే అలవాటు లేదా అంటే, హరికథలు, బుర్రకథలు విని పెరిగిన జాతి మనది. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వస్తుంటే బొమ్మ లేకుండానే సినిమా మొత్తం చూసేసేవాళ్లం. 'దానవీరశూరకర్ణ' డైలాగుల క్యాసెట్ మైకుసెట్లో మోగని ఊరుందా? మా నాన్నే రెండు కొన్నాడు, మొదటిది అరిగిపోయిందని. అదే నాన్న మొన్న పిన్ని నవలని ఫ్యామిలీ గ్రూపులో ఫ్రీగా పెట్టమన్నాడు! క్యాసెట్ చేతికి తగిలే వస్తువు కాబట్టి డబ్బులిచ్చాం. ఫోన్లోంచి వచ్చేది ఉత్త గాలి అనుకుంటున్నాం. ఆ గాలి పిన్ని గొంతులోంచి వస్తోందని ఎవరికీ తట్టదు.

యాప్ వాళ్లు కమీషన్ గట్టిగానే నొక్కుతారు, ఆ గొడవ ఇంకోసారి రాస్తా.

యూట్యూబ్ వాడి మీద కంప్లైంట్ పెట్టాం. పదిహేను రోజులకి వీడియో తీసేశారు. మూడో రోజుకే ఇంకో ఛానల్లో తేలింది, ఈసారి బొమ్మ మాత్రం తాజ్‌మహల్.

నిన్న వాళ్లింటికి వెళ్తే పిన్ని రెండో పుస్తకం మొదలుపెట్టేసింది. గదిలో ఉక్కపోత. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో మైకు అందుకుంది: "పాత ఇనుముకు, పాత పేపర్లకు..." పిన్ని కళ్లు మూసుకుంది. బాబాయి రికార్డింగ్ ఆపాడు. ఆటో సందు తిరిగేదాకా ముగ్గురం మాట్లాడకుండా చెమటలు కక్కుతూ ఉండిపోయాం. తర్వాత పిన్ని గోరువెచ్చని నీళ్లు ఒక గుక్క తాగి, అదే వాక్యం మళ్లీ ఎత్తుకుంది.